పదకొండు ఎర్ర గళ్ళు

సోమవారం పదిగంటల మీటింగులో మెషీనక్క మెషీన్లు పదకొండూ చచ్చిపోయాయి. చచ్చిపోయాయని బోర్డు చెప్పింది. గోడంత తెర మీద నలభై ఒక్క గళ్ళు; ఒక్కో గడి ఆసుపత్రిలో ఒక్కో సర్వరు. పై అంతస్తుల్లో ఉన్న ముప్ఫై పచ్చగా కళకళలాడుతున్నాయి. బేస్‌మెంట్‌లో ఉన్న పదకొండూ ఎర్రగా ఉన్నాయి. పచ్చగా ఉంటే మెషీను పనిచేస్తున్నట్టు, ఎర్రగా ఉంటే పోయినట్టు. ఐటీ మేనేజరుగారికి ఆ రెండు రంగులు చాలు, మూడోది అక్కర్లేదు.

"బోర్డు పెట్టి మూడు వారాలైంది. మూడు వారాల్నుంచీ ఇవి ఇలాగే ఉన్నాయి," అన్నాడాయన కలంతో తెరవైపు చూపిస్తూ. "చచ్చినవాటికి కరెంటెందుకు, ఏసీ ఎందుకు, కాపలాకి మీరెందుకు? శుక్రవారం ట్రాలీ వస్తుంది. అన్నీ లాగేద్దాం. టోకెన్ల కౌంటర్లో మనిషి కావాలంటున్నారు, మీరక్కడికి వెళ్ళండి."

మెషీనక్కకి నలభై దాటాయి. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గానీ అది ఎవరికీ గుర్తులేదు. స్వీపరు నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ మెషీనక్కే. మామూలుగా మీటింగుల్లో నోరు విప్పే మనిషి కాదు. ఆరోజు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"సార్, అవి బతికే ఉన్నాయండీ. పొద్దుట్నుంచి ల్యాబ్‌లో నూట ఇరవై రక్తపరీక్షల రిపోర్టులు వాటి మీంచే వెళ్ళాయి."

"మరి బోర్డు అబద్ధం చెబుతుందా?"

అందరూ బోర్డు సారు వైపు చూశారు. ఆ బోర్డునీ, దాని వెనకాల అన్ని సర్వర్లనీ ఒక్కచోటినుంచి నడిపే టూలునీ రాసింది అతనే. ముప్ఫై ఏళ్ళ మనిషి, చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతిదాకా మడిచి ఉంటాయి.

"అబద్ధమని కాదు సార్. ప్రతి మెషీన్లోనూ అన్నిటికంటే ముందు లేచే ప్రోగ్రామొకటి ఉంటుంది, ఇనిట్ అంటాం. మిగతా ప్రోగ్రాములన్నిటినీ అదే లేపుతుంది, అదే చూసుకుంటుంది. మా టూలు వెళ్ళి ఆ ఇనిట్‌ని అడుగుతుంది, నీ కిందవాళ్ళు బావున్నారా అని. పైన ఉన్నవన్నీ కొత్తరకం ఇనిట్‌లు, ఠక్కున చెప్తాయి. బేస్‌మెంట్‌లోవి పాతరకాలు. మా టూలు అడిగేది వాటికి అర్థం కాదు. జవాబు రాదు. రాకపోతే ఎర్ర."

"పిలిస్తే పలకనిదాన్ని ఏమంటారయ్యా?" అన్నాడు మేనేజరు. గది గొల్లుమంది. ఆ నవ్వు మెషీనక్కకి చెంప మీద కొట్టినట్టు తగిలింది.

పోనీ కొత్త ఇనిట్ ఎక్కించవచ్చుగా అంటే, ఆ పని ఎప్పుడో చేసి ఉండేది. రక్తపరీక్ష యంత్రాలు చేసినవాళ్ళు వాటిని ఈ పాత మెషీన్లకే ముడివేసి ఇచ్చారు. ముడి కదిపితే యంత్రం మూగబోతుంది. మెషీన్లు తీసేస్తే ల్యాబే మూతపడుతుంది. రక్తం సీసాలు ఊరవతల ఉన్న ఇంకో ఆసుపత్రికి వెళ్ళాలి, గంటలో వచ్చే రిపోర్టు మర్నాడొస్తుంది. ఆ మాటా చెప్పింది.

"మర్నాడొస్తే కొంపలేం మునగవు," అన్నాడు మేనేజరు.

"ఆ టూలే నా మెషీన్ల మీద కూడా నడిచేలా చేస్తేనండీ?"

ఆయన నవ్వాడు. నవ్వి, మంచివాడిలా కనిపించే అవకాశం వదులుకోలేక, "శుక్రవారం పదికి పచ్చగా చూపించండి. ఉంచుకోండి," అన్నాడు.

బయట వరండాలో బోర్డు సారు వెనకాలే వచ్చి అందుకున్నాడు. "మేడమ్, రెండు నెలలు కూర్చుని రాశానండీ దాన్ని. కొత్త ఇనిట్ లేకపోతే అది అడుగు కూడా వెయ్యదు. మీరు అనవసరంగా నలిగిపోతారు."

"కోడు పంపండి ముందు. నలిగేది నేనేగా."

అతను ఒక్క క్షణం ఆలోచించి, పక్కకి తిరిగి, ఫోన్లోంచే పంపించేశాడు.

*

బేస్‌మెంట్‌లో మెషీన్ల గది పొడుగ్గా, సన్నగా ఉంటుంది. రెండు వరసల ఇనుప ర్యాకులు, నెత్తిమీద కేబుళ్ళ జాలీ, చివర్లో ఒక బల్ల, చేతులు విరిగిన కుర్చీ. అక్కడ ఎండాకాలంలో కూడా స్వెటరుండాలి. రోజూ పొద్దున్నే వచ్చి వరసగా నడుస్తూ ఒక్కో మెషీను ముందూ అర నిమిషం ఆగుతుంది మెషీనక్క. ఫ్యాను చప్పుడు వింటుంది, అరచేయి పెట్టి వెనకనుంచి వచ్చే గాలి వెచ్చదనం చూస్తుంది. చూసేవాళ్ళకి పిచ్చిదానిలా కనిపిస్తుందేమో, ఆవిడకి పట్టదు.

బోర్డు సారు కోడు అచ్చు తీసుకుంటే పధ్నాలుగు కాగితాలయింది. బల్లమీద పరుచుకుని, ఇనిట్‌ని అడిగిన ప్రతిచోటా పెన్సిలుతో చుట్టింది. నలభై మూడు సున్నాలు. మనిషి శుభ్రమైన పనివాడే, ఎక్కడా ఒక్క పిచ్చిగీత లేదు. కాకపోతే ప్రతి చిన్నదానికీ ఇనిట్ కాళ్ళ మీద పడ్డాడు. ప్రోగ్రామును లేపాలన్నా ఇనిట్టే, పడుకోబెట్టాలన్నా ఇనిట్టే, ఉందా పోయిందా అన్నా ఇనిట్టే.

మొదట ఆవిడకి తోచింది అందరికీ తోచేదే. ఆ నలభై మూడు చోట్లా పాత ఇనిట్ భాష కూడా నేర్పిస్తే సరి! మంగళవారం పొద్దున్న ఏడింటికే వచ్చి మొదలుపెట్టింది. పదకొండు మెషీన్లలో ఆరు ఒకరకం, నాలుగు ఇంకోరకం, మిగిలిన ఒక్కటీ ఎవరికీ చెందని మూడోరకం. ఆరింటికి కుట్టు వేస్తే నాలుగు పిగిలాయి. నాలుగూ సర్దితే పదకొండోది మొరాయించింది. దాన్ని దారికి తెచ్చేసరికి మొదటి ఆరింటిలో రెండు పలకడం మానేశాయి. పన్నెండయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. టోకెన్ల కౌంటర్లో కుర్చీ ఎలాంటిదో అని కూడా ఒకసారి అనుకుంది, అనుకున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది, పన్నెండున్నరకి అత్తగారిని మోకాళ్ళ డాక్టరుకి చూపించాలి.

అత్తగారు అప్పటికే రెండో అంతస్తులో బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. సిటీ బస్సు నడిపే కొడుకు ఆవిణ్ణి గేటు దగ్గర దించి, బస్సుతో సహా వెళ్ళిపోయాడు. "వచ్చావా తల్లీ! నీ మెషీన్లకి దాణా వేసొచ్చావా?" అంది ఆవిడ.

లోపల డాక్టరు కాగితం మీంచి తలెత్తకుండా కోడల్ని అడిగాడు. "ఆకలేస్తోందా ఆవిడకి?"

"వేస్తోందండీ."

"నిద్ర?"

"బానే పడుతోందండీ. బానే ఉన్నారు."

"ఇదిగో బాబూ," అంది అత్తగారు. గది బయటి నర్సు కూడా తిరిగి చూసింది. "నోరు నాకుంది, చెవులు నాకున్నాయి. ఇది పొద్దున్నపోతే పొద్దుగూకి వస్తుంది, నా నిద్ర సంగతి దీనికేం తెలుసు? నా గురించి నన్నడుగు!"

డాక్టరు తలెత్తాడు. "సరేనమ్మా, చెప్పండి. నిద్ర పడుతోందా?"

"నాలుగు రాత్రుల్నుంచి కన్ను మూతపడలేదు."

మెషీనక్కకి మొదట సిగ్గేసింది. నాలుగు రాత్రులు పక్క గదిలో మనిషి నిద్రపోకుండా దొర్లుతుంటే తనకి తెలియలేదు, పైగా బానే ఉన్నారని సంతకం పెట్టినట్టు చెప్పింది. ఆ సిగ్గు పూర్తిగా దిగకముందే కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

"ఇనిట్‌ని ఎందుకడగాలి?" అంది పైకే.

"ఎవరిని?" అన్నాడు డాక్టరు.

"ఎవరినీ అడక్కూడదండీ! దాన్నే అడగాలి!"

అత్తగారు డాక్టరు వైపు తిరిగి, "చూశావా బాబూ, ముందు దీనికి రాయి మందు," అంది.

అత్తగారిని ఆటో ఎక్కించి, నిద్ర మాత్ర ఏ వేళకి వేసుకోవాలో ఆవిడ చేతే రెండుసార్లు చెప్పించుకుని, ఆటో మలుపు తిరగ్గానే మెషీనక్క పరిగెత్తింది. లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లు రెండేసి దిగింది. ఆవిడ పరిగెత్తడం చూసిన వాచ్‌మన్ ఎక్కడో మంటలంటుకున్నాయనుకుని తనూ నాలుగడుగులు పరిగెత్తాడు.

*

పధ్నాలుగు కాగితాల్లో చుట్టిన నలభై మూడు సున్నాలనీ కొట్టేసింది. ఏ ఇనిట్ భాషా నేర్పనక్కర్లేదు. ప్రోగ్రామును ఎవరు లేపారన్నది టూలుకి అసలు పట్టనే కూడదు. ఇనిట్ పాతదైనా కొత్తదైనా, రేపు ఇంకా పుట్టని అయిదోరకం వచ్చినా సరే, అన్ని మెషీన్లకీ తెలిసిన సాదా షెల్ స్క్రిప్టుల్లో, అంటే వరసగా ఆజ్ఞలు రాసిన చిన్న ఫైళ్ళలో, పని జరిగిపోవాలి.

ప్రతి ప్రోగ్రాముకీ ఒక చిన్న సంచీ. సంచీలో మూడే మూడు స్క్రిప్టులు. 'లేపు', 'ఆపు', 'బతికున్నావా'. మొదటి రెండూ గంటలో అయిపోయాయి. అసలు పస మూడోదానిలో ఉంది. అది పోయి పెద్దవాళ్ళని వాకబు చెయ్యదు. సరాసరి ప్రోగ్రాము ముందు నిలబడి ఒక పని చెప్తుంది. రక్తపరీక్షల రిపోర్టులు పంపేదాన్ని ఒక ఉత్తుత్తి రోగి నంబరిచ్చి రిపోర్టు అడుగుతుంది. సరైన రిపోర్టు తెచ్చిస్తే బతికున్నట్టు. మొహం చూపించినంత మాత్రాన చాలదు, పని చేసి చూపించాలి. అంతే! ఇంత చిన్న సంగతి మూడు వారాలుగా తన కళ్ళ ముందే కూర్చుని ఉంటే కనబడలేదేమిటని నవ్వొచ్చింది.

బుధవారం పొద్దున్న ఇంట్లో ఆవిడ కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద టీ పెట్టి మరిచిపోయింది, గిన్నె మాడింది. కుడి చెప్పు తనదీ ఎడమ చెప్పు మొగుడిదీ వేసుకుని గుమ్మం దాటబోతుంటే ఆయన ఆపాడు.

"ఏంటి, ఇవాళ కొత్త పెళ్ళికూతురిలా ఉన్నావు?"

"ఇంకా పదకొండు స్క్రిప్టులండీ. ఒక్కోటీ ఇరవై లైన్లు దాటదు!"

"అబ్బో," అన్నాడాయన, అర్థమయినట్టు తలూపి, చెప్పు మార్చి ఇచ్చాడు.

బుధవారమంతా రాసింది. ఒక్కో ప్రోగ్రాము దగ్గరికీ వెళ్ళి నీకేం పని చెప్పాలి అని ఆలోచించి, దానికి తగ్గ ప్రశ్న కట్టింది. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న ప్రోగ్రాములే, అయినా కొత్తగా పరిచయమవుతున్నట్టుంది. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవనే లేదు. మొరాయించే పదకొండోది కూడా, నిన్ను లేపినవాళ్ళ గోల నాకొద్దు, నీ పని చూపించు అనేసరికి కిక్కురుమనకుండా రిపోర్టు తెచ్చి చేతిలో పెట్టింది. మెషీనక్క ఖాళీ గదిలో చప్పట్లు కొట్టింది.

గురువారం పన్నెండింటికి పదకొండింటినీ కలిపి ఒక్కసారి నడిపింది. తెర మీద వరసగా వచ్చాయి. ఒకటి పచ్చ. రెండు పచ్చ. మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఏడు ఎర్ర. ఎనిమిది నుంచి పదకొండుదాకా మళ్ళీ పచ్చ.

స్క్రిప్టులో తప్పుందనుకుంది. ఏడోదాని 'బతికున్నావా' మళ్ళీ చదివింది, మళ్ళీ నడిపింది. ఎర్ర. అప్పుడు ఆ మెషీన్లోకే వెళ్ళి చూసింది. ప్రోగ్రాము లేదు. చివరిసారి మాట్లాడింది పందొమ్మిది రోజుల కిందట.

ఏడో నంబరు చేసే పని చిన్నదే, కానీ ప్రాణాలతో పని. రక్తంలో ప్రమాదపు అంకె కనబడితే వెంటనే వార్డుకి కబురు పంపేది అదే. మెషీను ఫ్యాను తిరుగుతోంది, గాలి వెచ్చగానే వస్తోంది. రోజూ పొద్దున్న అరచేయి పెట్టి చూసి బావుందనుకుని వెళ్ళిపోయింది తను.

ఒక్క చేత్తో 'లేపు' నడిపింది, ప్రోగ్రాము లేచి కూర్చుంది. ఇంకో చేత్తో ల్యాబ్‌కి ఫోను చేసి, ఆగలేక తనే పైకి పరిగెత్తింది. ల్యాబ్ టెక్నీషియను, లావుపాటి మనిషి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"ప్రమాదపు అంకెలు వార్డుకి ఎలా వెళ్తున్నాయి అన్నయ్యా ఇన్నాళ్ళూ?"

"ఎలా ఏముందక్కా, నేనే చీటీ పట్టుకుని మెట్లెక్కుతున్నాను. పందొమ్మిదో ఇరవయ్యో రోజులైంది. మా ఆవిడ పొట్ట తగ్గిందంటోంది."

"ఒక్కటి కూడా తప్పిపోలేదుగా?"

"తప్పితే నిద్ర పడుతుందా నాకు? ఒక్కటీ పోలేదు."

ఆవిడ కాస్త ఊపిరి తిరిగాక అంది, "నాకెందుకు చెప్పలేదు?"

"బోర్డు మీద ఎర్రగా ఉందిగా. మీరే ఆపేశారనుకున్నా. మీకు తెలియకుండా ఉంటుందా అని."

కిందికి వచ్చేటప్పుడు లిఫ్టులోనే వచ్చింది. బోర్డు పదకొండూ చచ్చాయంటే తను పదకొండూ బతికున్నాయంది. నిజంగా పోయినదాన్ని ఇద్దరూ చూడలేదు. బోర్డు మీద కోపంతో ఆ ఎర్ర గళ్ళవైపు చూడ్డమే మానేసింది తను.

బల్ల దగ్గర కూర్చుని మళ్ళీ నడిపింది. పదకొండూ పచ్చ. రేపు పదింటికి ఇదే కనబడుతుంది. ఏడోది పడిపోయిన సంగతి తనకీ టెక్నీషియనుకీ తప్ప ఎవరికీ తెలియదు, అతను దాన్ని చావనుకోనే లేదు. చెప్పాల్సిన పని కూడా లేదు. అయినా ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా ఆవిడ మొహంలో పొద్దుటి వెలుగు లేదు.

*

శుక్రవారం పదింటికి మీటింగు గది బయట ట్రాలీ ఆగింది. ఇద్దరు మనుషులు దానికి ఆనుకుని నిలబడ్డారు. లోపల బోర్డు సారు మెషీనక్క స్క్రిప్టుల్ని తన టూలుకి తగిలించి మీట నొక్కాడు. మూడు వారాలుగా ఎర్రగా ఉన్న గళ్ళు ఒకటొకటిగా పచ్చబడ్డాయి. పదకొండోది మారేసరికి ఎవరో ఈల వేశారు. బోర్డు సారు తెర దగ్గరికి జరిగి, పిల్లాడిలా నోరు తెరుచుకుని చూశాడు.

"ఇనిట్‌ని ఎక్కడా అడగలేదా మీరు? ఒక్కచోట కూడా?"

"ఒక్కచోట కూడా."

"అబ్బ!" అన్నాడతను. ఆ ఒక్క మాటకి మెషీనక్క కడుపు నిండిపోయింది.

మేనేజరు తల గోక్కున్నాడు. "సరే, మాటంటే మాటే. ఉంచుకోండి. ఈ కొత్త పద్ధతి బేస్‌మెంట్ వరకే. పైన ముప్ఫయ్యీ ముట్టుకోనక్కర్లేదు, అవెప్పుడూ పచ్చగానే ఉంటాయి." ఫైలు మూసేశాడు.

గెలిచింది. లేచి వెళ్ళిపోవచ్చు. మెషీనక్క లేవలేదు. అవెప్పుడూ పచ్చగానే ఉంటాయి అన్న మాట దగ్గరే ఆగిపోయింది. తనూ తన ఏడోదాని గురించి అలాగే అనుకుంది.

"సార్, ఒక మాట. వీటిలో ఏడోది పందొమ్మిది రోజులు నిజంగానే పోయి ఉందండీ. నిన్న మధ్యాహ్నం దాకా నాకు తెలియదు. నేనే చూసుకోలేదు."

మేనేజరు మూసిన ఫైలు మళ్ళీ తెరిచాడు. "అంటే నేనన్నదే నిజమన్నమాట! చచ్చినదాన్ని పెట్టుకుని సోమవారం నాతో వాదించారా మీరు?" గుమ్మంవైపు తిరిగాడు. "ఏమయ్యా, ట్రాలీ!"

"మెషీన్లు లాగేస్తే లాగేయండి సార్." మెషీనక్క ఆగలేదు. "ముందు పైన ముప్ఫైనీ వాటినే ఒక్కసారి అడిగి చూడండి. పచ్చ అన్నది ఇనిట్ చెప్పిన మాటే కదండీ. దానికి తెలిసింది, ప్రోగ్రాము ఉందని. పని చేస్తోందో లేదో దానికేం తెలుసు?"

మేనేజరు ఏదో అనబోయాడు. ఈలోగా బోర్డు సారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎవరి అనుమతీ అడగలేదు. ఆ సంచీని తన ముప్ఫై మెషీన్లకీ పంపి, మొదటిదానికి ఏ ప్రశ్న వెయ్యాలో మెషీనక్కని అడిగి, ఆవిడ చెప్పినట్టే కట్టి, నడిపాడు. పచ్చ. రెండోది, పచ్చ. చేతుల మడతలు ఇంకొంచెం పైకి లాక్కున్నాడు. మూడోదానికి ప్రశ్న వెళ్ళింది. జవాబు రాలేదు. గడి ఎర్రబడింది.

"ఇది ఇప్పటిదాకా పచ్చగానే ఉందిగా!" అన్నాడు మేనేజరు.

"ఇనిట్ ఇప్పటికీ పచ్చనే అంటోంది సార్. ప్రోగ్రాము ఉంది, కానీ పలకట్లేదు." బోర్డు సారు ఆ ప్రోగ్రాము అంకెల పట్టీ తెరిచాడు. "మంగళవారం నుంచి ఒక్క అంకె కూడా రాయలేదు."

"అది... ఏం చేస్తుంది?" అన్నాడు మేనేజరు. ఏ మెషీను ఏం చేస్తుందని ఆయన అడగడం ఆ గదిలో అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు.

"రక్తనిధి ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో చూసి, వేడెక్కితే గంట కొడుతుందండీ," అన్నాడు బోర్డు సారు.

మేనేజరు ఫోనందుకున్నాడు. "రక్తనిధా? మీ ఫ్రిజ్ బానే ఉందిగా? ... కాదమ్మా, తెర మీదది నాకొద్దు. తలుపు తీసి, లోపల మీటరు చూసి చెప్పండి. మీ కళ్ళతో." ఫోను చెవికి నొక్కుకుని నిలబడిపోయాడు. ట్రాలీ మనుషులు కూడా లోపలికి తొంగిచూస్తున్నారు. ఎంతసేపైందో ఎవరూ గడియారం చూడలేదు. "ఎంతా? ... నాలుగున్నర డిగ్రీలా? చల్లగానే ఉందన్నమాట. ఇవాళంతా గంటకోసారి మనిషే చూడాలి, సరేనా." ఫోను పెట్టేసి, జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

బోర్డు సారు అప్పటికే ఆ ప్రోగ్రామును ఆపి లేపాడు. అంకెలు మళ్ళీ కదిలాయి. నాలుగున్నర, నాలుగున్నర, నాలుగు పాయింట్ ఆరు.

"సార్, కిందికి వెళ్ళమంటారా?" అన్నాడు ట్రాలీ మనిషి.

"ఎందుకు? ఏముంది అక్కడ?" అని కసిరాడు మేనేజరు. తర్వాత తనే పిలిపించానని గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "ఏం లేదు, వెళ్ళండి. అవి ఎక్కడివక్కడే ఉంటాయి." మెషీనక్క వైపు చూడబోయి, చూడలేక, తన కుర్చీ తనే ఈడ్చుకొచ్చి తెరకి ఎదురుగా, బోర్డు సారుకీ ఆవిడకీ మధ్య వేసుకున్నాడు. "ఊఁ, ఇంకా ఇరవై ఏడున్నాయి కదా. నాలుగోదాన్ని ఏమడగాలి మేడమ్?"

మెషీనక్క చెప్పింది. బోర్డు సారు కట్టాడు. పచ్చ. అయిదోదాన్ని అడిగారు, ఆరోదాన్ని అడిగారు. ప్రశ్నలు ఆవిడ నోట్లోంచి అలవోకగా వస్తున్నాయి, బోర్డు సారు వేళ్ళు వాటిని అందుకోలేకపోతున్నాయి. మీటింగు టైమయిపోయినా ఒక్కరూ కదల్లేదు. తొమ్మిదోది పచ్చగా వస్తే ఎవరో చప్పట్లు కొట్టారు, ఇంకా అయిపోలేదు ఉండండి అని పక్కవాళ్ళు కేకలేశారు. మేనేజరు ముందుకి వంగి, రెండు మోచేతులూ బల్లకి ఆనించి, కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

పదమూడోది ఎర్రబడింది.

"దొరికింది!" అని అందరికంటే ముందు మేనేజరే అరిచాడు.